గోడలక్క సమ్మెట జైలుకెళ్ళిన వైనం

గోడలు కూలగొట్టడంలో కూడా పనితనం ఉంటుందంటే నవ్వేవాళ్ళు నవ్వండి. గోడలక్క పని చూస్తే నోరు మూసుకుంటారు. పాత ఇళ్ళు విప్పే పనిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్న మనిషి ఆవిడ. గోడకి ఇటు పక్క పగలగొడుతుంటే అటు పక్క అలమరలో గాజు గ్లాసులు కదలవు. ఇటుక మీద కొట్టదు. ఇటుకకీ ఇటుకకీ మధ్య అతుకు మీద, పై వరస నుంచి కిందికి కొట్టుకుంటూ వస్తుంది. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో, వీధి మొత్తానికి గోడలక్కే.

ఆ పనితనంలో సగం చేతిది, సగం సమ్మెటది. బారెడు కర్ర, దాని చివర ఆర్నెల్ల పిల్లంత బరువున్న ఇనప తల. ఆ కర్ర ఆవిడ అరచేతులకి ఎక్కడ ఎంత కావాలో అక్కడ అంతే అరిగింది. రోజూ పని దిగగానే తలని బకెట్ నీళ్ళలో ముంచి ఉంచేది. అలా ఉంచితే తలలో దూరిన కర్ర ఉబ్బి బిగుసుకుంటుంది. ఎండిందా, ఊపిన ఊపుకి తల ఊడి ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. మొగుడికి అన్నం పెట్టడం మరిచిన రోజులున్నాయి గానీ, సమ్మెటకి నీళ్ళు పెట్టడం మరిచిన రోజు లేదు.

అలాంటి సమ్మెటని జైలుపాలు చేశాడు మరిది మహానుభావుడు. పక్కింటి టైలరు తమ మెట్లకి అడ్డంగా బండి పెట్టాడని మొదలైన గొడవ అది. మాటా మాటా పెరిగింది. "ఇవాళ నీ సంగతి తేలుస్తా" అంటూ మరిది వసారాలో ఉన్న సమ్మెట అందుకున్నాడు. మనిషి చూస్తే పుల్ల. నడుము దాకా ఎత్తేసరికి ఆయాసం వచ్చి దించేసి, గుమ్మంలో చతికిలబడ్డాడు. టైలరు మాత్రం మారణాయుధంతో మీదికొచ్చాడని కేసు పెట్టాడు. పోలీసులు వచ్చి మనిషినీ సమ్మెటనీ తీసుకెళ్ళారు. మనిషిని సాయంత్రానికి వదిలేశారు, సమ్మెటని లోపలేశారు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

మర్నాడు పొద్దున్నే గోడలక్క స్టేషనుకి వెళ్ళింది. స్వాధీనం చేసుకున్న సామాన్లుండే గదికి ఒక కానిస్టేబులు కాపలా.

"కేసు తేలేదాకా ఇవ్వడం కుదరదమ్మా."

"ఇవ్వకపోతే పోనీండి సార్. తలని కాస్త నీళ్ళలో పెట్టండి చాలు. బకెట్ నేనే తెచ్చా."

"ఓహో! నీళ్ళలో పెడితే వేలిముద్రలు పోతాయనా? నా చెవిలో పువ్వు పెడదామనా?"

"దాని మీదున్న వేలిముద్రలన్నీ నావే సార్! కావాలంటే నన్నూ దాని పక్కనే కూర్చోబెట్టండి, రోజూ దానికి నీళ్ళు పోస్తా."

"వెళ్ళమ్మా, వెళ్ళు. పనిలేదా నీకు?"

పని ఉండబట్టే కదా ఈ తిప్పలు! ఎనిమిది నెలలు, ప్రతి సోమవారం వెళ్ళి అదే మాట చెప్పింది, అదే జవాబు విని వచ్చింది. ఈలోగా అద్దె సమ్మెటతో నెట్టుకొచ్చింది. దాని కర్ర లావు, బరువంతా ఒక పక్కకే లాగేది. కుడి మణికట్టు వాచి బన్నులా అయింది. ఒక ఇంట్లో వంటగది గోడ తీయమంటే పక్క గది గోడ కూడా కూలింది. "గోడలక్క చెయ్యి పోయింది" అనేశారు మేస్త్రీలు, యంత్రాన్ని పిలవడం మొదలెట్టారు. ఆ మాట విన్న రోజు ఆవిడ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్ళలో సంపాదించుకున్నది ఆ పేరొక్కటే.

మరిదీ టైలరూ మాత్రం రెండో నెలకే ఒకే బండి మీద టీకి వెళ్తున్నారు.

"వదినా, మేం రాజీ అయిపోయాంగా. నువ్వు కంగారు పడకు."

"మీరిద్దరూ చల్లగానే ఉన్నార్రా! అక్కడ ఎండుతున్నది నా సమ్మెట!"

ఎట్టకేలకు కేసు విచారణకొచ్చింది. రాజీ కాగితం చదివిన జడ్జి గారు కేసు కొట్టేసేలాగే ఉన్నారు. సమ్మెట యజమానికి ఇచ్చేయమని కూడా అనబోయారు. గోడలక్క అప్పటికే సగం లేచింది. అంతలో ఆయనకి ఒక సందేహం వచ్చింది.

"ఇంతకీ ఎంత ఎత్తు లేపాడు? ఒకసారి చూపించండి."

సమ్మెట తెచ్చింది ఆ కానిస్టేబులే. పెద్దాయన అడిగాడు కదా అని కండలన్నీ బిగించి తల మీదికి ఎత్తాడు.

"వద్దు సార్! ఎండిపోయిందది!" వెనక బల్ల మీంచి గోడలక్క అరిచింది.

"నిశ్శబ్దం!" అన్నాడు బంట్రోతు.

కానిస్టేబులు ఊపాడు. కర్ర చేతిలో ఉంది, తల చేతిలో లేదు. మరిది దబ్బున వంగాడు కాబట్టి బతికాడు. అతని ముందున్న బోను కమ్మీలు రెండు ఫెళ్ళున విరిగాయి. జడ్జి గారు బల్ల కింద నుంచి లేచి, కళ్ళజోడు వెతుక్కుని, పాత కేసు కొట్టేశారు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసమైనందుకు కొత్త కేసు పెట్టమన్నారు. సాక్ష్యం కింద తల ఒక సంచిలో, కర్ర ఇంకో సంచిలో వేసి సీలు వేశారు.

గోడలక్క కోర్టు మెట్ల మీద కూలబడింది. కాసేపటికి ఆ కానిస్టేబులు నీళ్ళు తొణుకుతున్న బకెట్ మోసుకుంటూ వచ్చాడు.

"అక్కా, నువ్వు చెప్తే వినలేదు, తప్పు నాదే. ఇకనుంచి రోజూ నేనే నానబెడతా. నీళ్ళెంత ఉండాలో చెప్పు."

"సంచులు విప్పుతారా?"

"సీలు పడిందిగా... అవి విప్పకూడదు."

ఆవిడ కొంగు సర్దుకుని, బకెట్ దగ్గరికి లాక్కుని, వాచిన మణికట్టుని అందులో ముంచింది.

"తెచ్చిన నీళ్ళు వృథా కావడమెందుకు సార్. ఇక నానబెట్టడానికి మిగిలింది ఇదొక్కటే" అంది.