పడవకు తోడు పెట్టిన వైనం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఒకవేళ ఉంటే దాని గురించి ఇంకాస్త గట్టిగా మాట్లాడేవాణ్ణి. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో కొత్త ఉద్యోగం, ఆర్నెల్ల ప్రొబేషన్, అక్కావాళ్లింట్లో మకాం. ఐదో నెలలో ఓ మధ్యాహ్నం మా మేనేజరు (వాన గురించి తప్ప ఇంకేదీ పెద్దగా మాట్లాడని మనిషి) తన పాత ఫైబర్‌గ్లాస్ చేపల పడవ గురించి వాపోయాడు. దాని వెనక గోడకి, అదే ఇంజను బిగించే ట్రాన్సమ్‌కి, లోపలి చెక్క పుచ్చిపోయిందట. బుద్ధున్నవాడెవడైనా అయ్యో అని ఊరుకుంటాడు. నేను మాత్రం "మాది గోదావరి జిల్లా సార్, పడవల మధ్యే పెరిగాను, నాకివ్వండి" అన్నాను. నిజానికి నేను పెరిగింది బస్టాండు వెనక సందులో. గోదావరి దాటింది ఒక్కసారి, పంటు మీద, అదీ కళ్లు మూసుకుని.

ఆ శనివారమే పడవ ట్రైలర్ మీద వచ్చి అక్కావాళ్ల గరాజ్‌లో దిగింది. "నెలాఖరుకి నీ ప్రొబేషన్ రిపోర్టు రాయాలి. పడవ కూడా అప్పటికి అయిపోతే బాగుంటుంది" అని మేనేజరు నవ్వకుండా చెప్పి వెళ్లాడు. సాయానికి బావ దొరికాడు. ఆయన ఆసుపత్రిలో మత్తు డాక్టరు. అక్కడ మందు చుక్క తేడా వస్తే ఒప్పుకోడు, ఇంట్లో మాత్రం టీలో చక్కెర కూడా గుప్పిటతోనే వేస్తాడు. ఇద్దరం రెండు వారాంతాలు లోపలి పొర కోసి పుచ్చు చెక్క తవ్వాం. తడిసిన అటుకుల్లా చేతికొచ్చింది. కొత్త ప్లైవుడ్ కోశాం (మూడుసార్లు, మూడు తప్పు కొలతల్లో). ఇక దాన్ని జిగురులాంటి రెజిన్‌తో అతికించాలి.

రెజిన్ గట్టిపడాలంటే అందులో హార్డెనర్ కలపాలి. డబ్బా మీద చుక్కల లెక్క స్పష్టంగా రాసి ఉంది. బావ అది పైకి చదివి "ఇంతేనా?" అన్నాడు. నేను పెద్ద పండితుడిలా నవ్వాను.

"ఇది తోడు లాంటిదే కదా బావా. అక్కేమంటుంది? చలి దేశం, చారెడు తోడు వేసి దుప్పటి కప్పకపోతే ఇక్కడ పెరుగు తోడుకోదంటుంది. గరాజ్ చూడు, ఫ్రిజ్‌లా ఉంది."

"పాయింటేనోయ్" అన్నాడు ఇరవయ్యేళ్లు చదువుకున్న ఆ మహానుభావుడు.

అంతే. బకెట్ కనబడక అక్క పెరుగు గిన్నెలోనే రెజిన్ పోసి, హార్డెనర్ సీసా ముప్పాతిక వంతు వంచి, గరిటెతో తిప్పి, బావ పాత స్వెటర్ చుట్టబెట్టి, టీ తాగడానికి లోపలికి వెళ్లాం. కప్పు సగమైనా కాలేదు, గరాజ్‌లోంచి పొగ. హార్డెనర్ ఎక్కువై రెజిన్ కాగిపోయింది, స్వెటర్ మాడుతోంది. గిన్నెలో రెజిన్ చిటపటమని పగుళ్లిచ్చి రాయైపోయింది, మధ్యలో గరిటె ధ్వజస్తంభంలా నిలబడింది. "ఒరేయ్ సన్నాసీ, అది నా పెళ్లినాటి గిన్నెరా!" అని అక్క అరుస్తుండగానే, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని మేనేజరు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

ఆయన పొగను చూశాడు, గిన్నెను చూశాడు. "ఇవాళ కాస్త వెచ్చగానే ఉంది" అన్నాడు. తరవాత మెల్లగా, "గోదావరిలో ఇలాగే చేస్తారా?" అని అడిగాడు.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఇక దాచి లాభమేమిటి? "సార్, నాకు పడవల గురించి ఏమీ తెలీదు. ఈత కూడా రాదు" అన్నాను. ఆయన కోటు విప్పి కొక్కేనికి తగిలించి, డబ్బా నా చేతిలో పెట్టి, "అయితే చదువు" అన్నాడు. ఈసారి బావ సిరంజితో చుక్కలు కొలిచాడు. ఆ ట్రాన్సమ్ నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. రిపోర్టులో మాత్రం ఒక వాక్యం రాశాడు: నిజమే చెబుతాడు, పొగ వచ్చాక.

ఇప్పుడు నేనూ రిపోర్టులు రాసే సీట్లో కూర్చున్నాను. ఆ గిన్నె, గరిటెతో సహా, మా ఇంటి వెనక తలుపుకి అడ్డుగా ఉంటుంది. మా అమ్మాయి అటు వెళ్లినప్పుడల్లా "వాట్ ఈజ్ దట్, డాడ్?" అంటుంది. పెరుగమ్మా అంటాను. అబద్ధమేం కాదు. పదమూడేళ్లుగా ఈ దేశంలో నేను ఎన్నిసార్లు తోడు పెట్టినా పాలు పాలలాగే ఉంటాయి. నా చేత్తో గట్టిగా తోడుకున్నది అదొక్కటే.