కుట్టు పీరియడులో రోబో

1986 జూన్‌లో వినుకొండ దగ్గరి ఒక బాలికల ఉన్నత పాఠశాలలో బి.ఎడ్. అసిస్టెంటుగా చేరాను. పై తరగతులకు సైన్సు చెప్పే ఉద్యోగం. దానితోపాటు వారానికి రెండు కుట్టు పీరియడ్లు నాకు అంటగట్టారు. ఆ రోజుల్లో చేతిపని అంటే మగపిల్లలకు వడ్రంగం, ఆడపిల్లలకు సూదీ దారం. నాకు గుండీ కుట్టడం కూడా సరిగా రాదు. ఆ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

అందుకే ఆ పీరియడులో రోబో క్లబ్బు పెట్టాను. ఎవరి అనుమతీ అడగలేదు. మాలో ఎవరమూ కంప్యూటరు ముఖం చూసినవాళ్లం కాదు. పాత టేప్‌రికార్డర్ల మోటార్లు మూడు సంపాదించాం. వాటిలో రెండు మా రోబో బండి చక్రాలను చెరొకటి తిప్పుతాయి. మూడోది ఒక చెక్క రోలరును నెమ్మదిగా తిప్పుతుంది. రోలరు మీద రెండు వరుసల్లో మేకులు. మేకు వచ్చి రాగిరేకును నొక్కినంతసేపే ఆ వైపు చక్రం నడుస్తుంది. మేకు ఎక్కడ కొట్టాలన్నదే మా ప్రోగ్రాము. కుట్టు డిజైన్లు వేసుకునే పలచటి గళ్ల కాగితం మీదే దాన్ని రాసి, రోలరుకు చుట్టి, గుర్తుల మీద మేకులు దిగ్గొట్టేవాళ్లం.

ఫిబ్రవరిలో తనిఖీకి వచ్చిన అధికారికి కుట్టిన రుమాళ్లు ఒక్కటీ కనిపించలేదు. క్లబ్బు ఎత్తేయమన్నారు.

"ఆడపిల్లలకు ఇదేందమ్మా? ఏ మెకానిక్కో చేసిచ్చుంటాడులే" అన్నారు.

తొమ్మిదో తరగతి షాహిదా తండ్రి మెకానిక్కే. ఆ పిల్ల ముఖం కందిపోయింది. నాకు ఒళ్లు మండింది. దారి మీరే చెప్పండి, పిల్లలు మీ ఎదుటే ప్రోగ్రాము రాస్తారు, చేతకాకపోతే క్లబ్బు నేనే మూసేస్తాను అన్నాను.

బండి తన కుర్చీ ముందు బయలుదేరి, కుడికి తిరిగి, బల్ల దగ్గర ఆగాలన్నారాయన. పిల్లలు గళ్లు నింపి, మేకులు కొట్టి వదిలారు. బండి ఎడమకు తిరిగి గోడకు గుద్దుకుంది. ఆయన నవ్వారు.

షాహిదా రోలరు తీసి చూసింది. "కాగితం తిరగేసి చుట్టినాం సార్. కుట్టేటప్పుడు డిజైను కాగితం తిరగేసి గుడ్డ ఎనకవైపు పెట్టే అలవాటు. గుర్తులు ఇవతలికి కనపడతుంటే చూసుకోలా" అంది. "మా నాన్న చేసుంటే తప్పు పోయేదే కాదు. మేం చేశాం గాబట్టే పోయింది. ఉండండి, పీకి మళ్లీ కొడతాం."

పావుగంట పట్టింది. ఈసారి బండి కుడికి తిరిగి బల్ల దగ్గర ఆగింది. ఆయన గడియారం చూసుకుని లేచారు.

క్లబ్బు మూయమన్న మాట మళ్లీ రాలేదు. నెల తర్వాత మెమో మాత్రం వచ్చింది. కుట్టు పీరియడు దుర్వినియోగం చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని దాని సారాంశం. జవాబుకు ఆ రోజు వాడిన గళ్ల కాగితాన్నే, మేకుల చిల్లులతో సహా, జతచేసి పంపాను. మందలింపు నా సర్వీసు రిజిస్టరులో ఈనాటికీ ఉంది. నేను బదిలీ అయ్యేదాకా క్లబ్బు నడిచింది.

ముందే అనుమతి అడిగి ఉంటే వద్దని కాగితం వచ్చేది. అడగకుండా చేస్తే మెమో వచ్చింది. ఎటూ కాగితం తప్పదని తెలిశాక, ఆ తర్వాత సర్వీసులో నేను ముందు బండి నడిపించాకే కాగితం కోసం ఎదురుచూశాను.