కీబోర్డుకు అంటిన ఎంగిలి

నేను ఒకచోట కుదురుగా కూర్చోలేను. చిన్నప్పటి నుంచీ ఇంతే. మా భజన గోష్ఠికి ముప్పై ఏళ్ళుగా వెళ్తున్నా, పారాయణం మొదలైన పావుగంటకే నా మోకాలు ఊగడం మొదలవుతుంది. పక్కన కూర్చున్నాయన దాని మీద చెయ్యి వేసి ఆపుతాడు. అది ఆగితే వేళ్ళు మొదలవుతాయి. నాకు గొంతు లేదు. తాళాలు చేతికిస్తే పాటకంటే ముందు పరుగెత్తుతాను. అందరికీ ఏదో ఒక కైంకర్యం ఉండేది. ఒకరు పూలు కట్టేవారు, ఒకరు మృదంగం, ఒకరు ప్రసాదం. నాకు చెప్పులు సర్దడం తప్ప ఏమీ లేకుండా చాలా ఏళ్ళు గడిచాయి.

రెండేళ్ళ కిందట నాకూ ఒకటి దొరికింది. మా గోష్ఠికి పెద్దదిక్కయిన ఆయన్ని అందరం అయ్యవారు అంటాం. పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే చోట లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. పగలంతా మిషన్ దగ్గర నిలబడి, సాయంత్రం వచ్చి మాకు శాస్త్రం చెప్పేవారు. చెప్పబోయేదంతా ముందుగా పెన్సిల్‌తో పొడుగాటి నోటుపుస్తకాల్లో రాసుకునేవారు. అవి పదకొండు పుస్తకాలయ్యాయి. ఇప్పుడు ఆయనకు చూపు తగ్గింది. తన రాత తనకే కనబడదు.

"నువ్వు కంప్యూటర్ ముందరే గదప్పా బతకతా ఉండేది. ఇయ్యన్నీ దాంట్లో కొట్టిపెట్టు. పెద్ద అక్షరాల్లో కాగితాలు తీసుకోనొస్తే ఆదివారం గోష్ఠిలో చదివించుకుంటా," అన్నారు ఒకరోజు, మొదటి పుస్తకం నా చేతిలో పెడుతూ.

ఆ రోజు ఇంటికి నడిచి వచ్చానో, ఎగిరి వచ్చానో నాకు గుర్తులేదు. స్వామి నాకు కూడా ఒక పని పెట్టాడు. అది నేను రోజూ చేసే పనే. ఆసుపత్రుల నుంచి వచ్చే కాగితాలను ఒక ఇన్సూరెన్సు కంపెనీ కోసం ఇంట్లో కూర్చునే సరిచూస్తాను. పది నుంచి ఏడు దాకా తెర, మౌసు, కీబోర్డు. ఇక పొద్దున స్నానం చేసి, తిరునామం పెట్టుకుని, అదే కీబోర్డు మీద అయ్యవారి మాటలు కొట్టడం మొదలుపెట్టాను.

అప్పుడే నాకు షుగరు ఉందని తేలింది.

డాక్టరమ్మ నా పని ఏమిటో అడిగింది. చెప్పాను. పని చేస్తూ ఏం తింటావని అడిగింది. అదీ చెప్పాను. పొద్దున మిక్చరు, మధ్యాహ్నం మురుకులు, నాలుగింటికి వీధి చివర కొట్టు నుంచి వేడి బజ్జీలు. ఆమె నా ముఖం వంక కాసేపు చూసి, "మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో ఉండకూడదు. అవన్నీ తినకూడదు. రెండు మూడు గంటలకొకసారి గుప్పెడు మంచి తిండి," అంది. ఒక చీటీ రాసిచ్చింది. పుట్నాలు, వేయించిన వేరుశెనగలు, మొలకెత్తిన పెసలు, కీరదోస ముక్కలు, దోరజామకాయ, పల్చటి మజ్జిగ.

నా భార్య ఆ చీటీని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. నాలుగు అరలున్న స్టీలు డబ్బా కొని, నా కుడిచేతి పక్కన పెట్టింది. మొదటివారం బాగానే నడిచింది. నాలాంటి వాడికి నమలడానికి ఏదైనా ఉంటే కాళ్ళు కొంచెం ఆగుతాయి. ఒక ఫైలు, నాలుగు పుట్నాలు. ఇంకో ఫైలు, ఒక కీరముక్క.

ఒక ఉదయం అయ్యవారి మూడో పుస్తకం కొడుతున్నాను. అందులో స్వామి కల్యాణగుణాల గురించి రాశారు. కొడుతూ కొడుతూ, చూసుకోకుండా, పెసలు నోట్లో వేసుకుని, వేళ్ళు పెదవులకు తగిలి, అదే చేత్తో స్వామి పేరు కొట్టాను. కొట్టిన తరువాత చూసుకున్నాను. మీట మీద చిన్న తడి మెరుస్తోంది. నా ఎంగిలి.

చదివేవారిలో కొందరికి ఇది నవ్వులాటగా ఉండొచ్చు. నాకు కాదు. మా ఇంట్లో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. తింటూ పుస్తకం ముట్టుకుంటే మా అమ్మ చేతిలోంచి లాగేసుకునేది. నీళ్ళు కూడా చెంబు ఎత్తి పోసుకోవాలి, పెదవికి తగలకూడదు. ఇవి కట్టుబాట్లు మాత్రమేనని నేననుకోను. నోటి నుంచి వచ్చేది ఒకటి, నోట్లోకి పోయేది ఒకటి. రెండింటినీ కలపకూడదని పెద్దలు చెప్పారంటే, అందులో స్వామి ఎదుట ఎలా నిలబడాలో ఉంది. నేను నిలబడటం లేదు. కూర్చుని నములుతున్నాను.

ఆ రోజు కీబోర్డును తడిగుడ్డతో తుడిచాను. మర్నాడు ఎడమచేత్తో తిని, కుడిచెయ్యి ఒక్కదాంతోనే కొట్టాను. గంటకు పేజీ కూడా కాలేదు. ఆ పైన స్పూను పెట్టుకున్నాను. స్పూను పట్టుకున్న చేత్తోనే కొట్టాలి కదా, లాభం లేకపోయింది. చివరికి మా అమ్మ నీళ్ళు తాగిన పద్ధతి గుర్తొచ్చింది. తల వెనక్కి వాల్చి, జానెడు ఎత్తు నుంచి పుట్నాలు నోట్లోకి వదలడం మొదలుపెట్టాను. వేళ్ళు పెదవికి తగలవు. ఎంగిలి లేదు.

నా భార్య కాఫీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఇదో, ఏందిది? కాకికి పిండం పెట్టినట్టు ఏసుకుంటా ఉండారు?"

"ఎంగిలి కాకుండా తింటా ఉండా."

"ఆడ సగం కింద పోతా ఉండాది. చీమలకి బాగా సెటప్పు చేసినారు పో."

కింద పడినవి చీమలకే కాదు, కీబోర్డు సందుల్లోకీ పోయాయి. మూడోరోజు ఒక మీట నొక్కితే లేవడం మానేసింది. తిరగేసి దులిపితే పుట్నాలు, వేరుశెనగ పొట్టు, ఒక ఎండిన పెసరమొలక రాలాయి. మా ఆవిడ వాటిని చేటలోకి ఊడ్చుకుంటూ, "మధ్యానం టిఫనుకు సరిపోతాది," అంది.

నాకు నవ్వు రాలేదు. అయ్యవారికి తెలిస్తే పుస్తకాలు వెనక్కి ఇమ్మంటారేమోనన్న భయం పట్టుకుంది. ఎంగిలి చేత్తో కొట్టిన అక్షరాలను గోష్ఠిలో, స్వామి పటం ముందు, దీపం పక్కన పెట్టి చదువుతున్నారు. ఇన్నేళ్ళకు దొరికిన ఒక్క కైంకర్యం. అది పోతే మళ్ళీ చెప్పుల దగ్గరికే.

అందుకని ఎవరికీ చెప్పకుండా ఒక నియమం పెట్టుకున్నాను. అయ్యవారి పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ ఏమీ తినకూడదు. ఆఫీసు పని ఉన్న రోజుల్లో అది రెండు గంటలే కనుక ఇబ్బంది లేదు. శనివారం సెలవు. ఒక శనివారం తెల్లవారగానే స్నానం చేసి, మాత్ర వేసుకుని, కాఫీ కూడా తాగకుండా కూర్చున్నాను. ఐదో పుస్తకం. ఈ రోజు సగం పూర్తి చేసి రేపు గోష్ఠికి తీసుకుపోవాలని పంతం. డబ్బాను నేనే తీసి అటక మీద పెట్టాను.

తొమ్మిది దాటింది. కాలు ఊగుతోంది. లేచి కిటికీ దాకా నడిచాను. లోకల్ రైలు పోయింది. వచ్చి కూర్చున్నాను. మళ్ళీ లేచాను. పదింటికి వేళ్ళు వణకడం మొదలైంది. అది నా మామూలు అసహనమే అనుకున్నాను. పదిన్నరకు మెడ వెనుక చెమట. అయినా కొడుతూనే ఉన్నాను. పెన్సిల్ గీతలు ఒకదాని మీద ఒకటి పాకుతున్నట్టు ఉన్నాయి. పేజీ తిప్పాను. ఒకటి తిప్పానో, రెండు తిప్పానో.

తరువాత గుర్తున్నది నా భార్య అరుపు. నా నుదురు కీబోర్డు మీద ఉంది. తెర నిండా ఒకే అక్షరం బారులు తీరి పరుగెడుతోంది.

"స్వామికి ఎంగిలి తగలకూడదు, మీ మొహం తగలొచ్చునా?" అని తిడుతూనే పంచదార నీళ్ళు తాగించింది. గ్లాసు నా పెదవులకే ఆనించింది. ఎత్తి పోయలేదు. "ఇంకోసారి ఇట్టా చేసినారంటే నేనే పోయి అయ్యవారికి చెప్తా. సత్యంగా."

తేరుకున్నాక ఆ బారులు తీరిన అక్షరాలు చెరిపేశాను. కొట్టిన మేరకు పెద్ద అక్షరాల్లో కాగితాలు తీసి సంచిలో పెట్టుకున్నాను. పోల్చి చూసుకునే ఓపిక లేకపోయింది.

ఆదివారం సాయంత్రం గోష్ఠి. ఇరవై మందిమి ఉంటాం. దీపం వెలిగించారు. మృదంగం వాయించే ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. అయ్యవారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఆయన పెదవులు చదివే మాటలకంటే కొంచెం ముందుగా కదులుతాయి. రాసిందంతా ఆయనకు నోటికే వచ్చు. ఒకచోట పెదవులు ఒక దారిన పోయాయి, కాగితం ఇంకో దారిన పోయింది.

"ఆగప్పా," అన్నారు అయ్యవారు. "ముందర ఒక పేజీ ఉండాల. మళ్ళా చూడు."

చదివే ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "ఈడ లేదు అయ్యవారూ. దీని తరువాత ఇదే."

"ఆమె ఏదప్పా?"

ఎవరికీ అర్థం కాలేదు. అయ్యవారు నా వైపు తిరిగారు. కనబడకపోయినా నేనెక్కడ కూర్చుంటానో ఆయనకు తెలుసు. నా మోకాలి చప్పుడు వినబడుతుంది.

"పదకొండు పుస్తకాల్లో ఒక్క పేజీ రాసినా ఆమె గురించి. ఆ ఒక్క పేజీ యాడబోయింది?"

ఆయన భార్య పోయి ఆరేళ్ళయింది. గోష్ఠిలో ఎప్పుడూ ఆమె మాట ఎత్తరు. పదకొండు పుస్తకాల్లో నేను దాటేసింది సరిగ్గా ఆ పేజీని.

దాచలేకపోయాను. మీట మీది తడి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఎడమచెయ్యి, స్పూను, పైనుంచి వదిలిన పుట్నాలు, అటక మీది డబ్బా, కీబోర్డు మీద నుదురు. మధ్యలో ఎవరో నవ్వారు. "కీబోర్డుకు పుణ్యాహవచనం చేసుంటే సరిపోయేది గదప్పా," అన్నాడొకడు. "నీళ్ళు చల్లితే షాకు కొడతాది, పుణ్యం నేరుగా వస్తాది," అన్నాడు ఇంకొకడు. అయ్యవారు నవ్వలేదు.

"ఆ నోటుపుస్తకం తెచ్చినావా?"

"తెచ్చినా అయ్యవారూ."

"ఈడ పెట్టు."

సంచిలోంచి తీసి ఆయన ముందు పెట్టాను. నా పని అయిపోయిందనుకున్నాను. కాలు ఊగడం కూడా మానేసింది. అయ్యవారు పుస్తకాన్ని తడిమి, అట్ట మీద అరచెయ్యి ఆనించారు. తరువాత నా వైపే జరిపారు.

"నువ్వే చదువు. గట్టిగా."

పేజీ వెతికాను. రెండు కాగితాలు మూల దగ్గర అతుక్కుని ఉన్నాయి. విడదీసి చదివాను. కర్మాగారంలో పని ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆయన మధ్యాహ్నం గంట కొట్టినా మిషన్ వదిలేవారు కాదట. నిలబడే, నూనె చేతులతోనే, జేబులోంచి ఏదో తీసి నోట్లో వేసుకుంటూ, మనసులో నామం చెప్పుకుంటూ పనిచేసేవారట. అదే గొప్ప యోగమనుకునేవారట. ఒకరోజు కళ్ళు తిరిగి, వేలు మిషన్ దగ్గరికి పోయి, వెంట్రుకవాసిలో తప్పిందట. మర్నాటి నుంచి ఆమె రోజూ క్యారియరు పట్టుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడిందట. ఆయన బయటికి వచ్చేదాకా కదిలేది కాదట. ఆమె అన్న మాటల్ని అయ్యవారు ఆమె మాటల్లోనే రాసుకున్నారు.

"నూనె చేత్తో అన్నం ముట్టబాకు. అన్నం చేత్తో మిషను ముట్టబాకు. నడమ కొళాయి ఉండాది గదా. లేసి ఆడికి పోలేవా?"

దాని కింద అయ్యవారి వాక్యం ఒకటే ఉంది. నేను శాస్త్రం చదివినవాణ్ణి, నాకు ఆ కొళాయి కనబడలేదు, అని.

చదవడం ఆపగానే అయ్యవారు అన్నారు. "ఎంగిలి లేదని ఎవురు చెప్పినారు? ఉండాది. ఎంగిలి కాకుండా తినాలని చూసినావు, తినకుండా ఉండాలని చూసినావు. లేసిపోయి చెయ్యి కడుక్కోని రావాలని మాత్రం తోచలా. కుదురుగా కూసోలేనివాడివి, లేసేదానికి నీకేం కష్టమప్పా?"

ఈసారి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

"పుస్తకం ఎత్తుకోనిపో," అన్నారాయన. "ముందు ఆ పేజీ కొట్టు. తినేసి కొట్టు."

సోమవారం ఉదయం రెండు ఇడ్లీలు తిని, చెయ్యి కడుక్కుని, ఆ పేజీ కొట్టాను. మూడుసార్లు పోల్చి చూశాను. ఇప్పుడు డబ్బా నా పక్కన ఉండదు, అటక మీదా ఉండదు. వంటింట్లో, కొళాయి పక్కన ఉంటుంది. రెండు గంటలకొకసారి ఫోనులో అలారం మోగుతుంది. అది మోగకముందే నేను నాలుగుసార్లు లేవబోయి కూర్చుంటాను. చెయ్యి తనంతట తానే కుడిపక్కకు పోయి, ఖాళీ బల్లను తడిమి, వెనక్కి వస్తుంది. ఆ చేతికి ఇంకా అర్థం కాలేదు. మోగగానే లేచి వెళ్తాను. చిన్న పీట మీద కూర్చుంటాను. పెసలో జామముక్కలో స్వామికి చూపించి, తిని, చెయ్యి కడుక్కుంటాను. అక్కడా కాలు ఊగుతూనే ఉంటుంది. పీట టకటకలాడుతుంది.

నిన్న తుడుచుకోవడం మరిచిపోయి తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాను. ఏడో పుస్తకంలో మంచి ఘట్టం నడుస్తోంది. నా భార్య వెనకాలే వచ్చి, భుజం మీద తువ్వాలు పడేసింది.

"ఎంగిలి పోయింది. ఇప్పుడు నీళ్ళు పోసి చంపండి దాన్ని."