సుగుణ హాజరు

దయ్యాల కథలు మొదలుపెడితే లేచి వెళ్ళిపోవడం నాకు నెల్లూరు కాలేజీ హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ అలవాటు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినా, చనిపోయినవాళ్ళు మాట్లాడతారంటే ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. విన్నది విన్నట్టు రాస్తున్నాను. పక్కన బాబు నిద్రపోతున్నాడు. ఈ నాలుగు వాక్యాలు రాసేలోపే రెండుసార్లు వాడి ఊపిరి చూశాను.

మా అత్తగారి ఊరు తోటపల్లి గూడూరు అవతల, సముద్రానికి మైలు దూరంలో ఉంది. నా భర్త అక్కడి బడిలో ఉపాధ్యాయుడు. అత్తగారు గుడిలో సండేస్కూలు నడుపుతారు. మా గుడిలో పేరు పిలిస్తే "ఉన్నాను" అనరు, లేచి ఒక బైబిలు వాక్యం చెప్పాలి. అదే హాజరు. మా ఆడపడుచు సుగుణకు పన్నెండేళ్ళు. ప్రతి ఆదివారం ఒకటే చెప్పేది, యేసు ఏడ్చాడనే ఆ చిన్న వాక్యం. బైబిలులో అంతకంటే చిన్నది ఇంకొకటి దొరకలేదు దానికి. "ఇంకోటి నేర్చుకోమే, సోమరిదానా" అని అత్తగారు అందరి ముందూ తిట్టేవారు. అది నవ్వి కూర్చునేది.

రెండేళ్ళ కిందట తుఫాను వచ్చింది. పంచాయతీ రేడియో ముందురోజే చెప్పింది గాని, అంత నీరు వస్తుందని ఎవరూ అనుకోలేదు. అందరం బడి మిద్దె ఎక్కుతుంటే సుగుణ ఎనిమిది నెలల నా కొడుకును నా చేతికిచ్చి, నేను మరిచిపోయిన వాడి దుప్పటి కోసం మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కలేదు. మూడో రోజు సరుగుడు తోపులో దొరికింది. దాని జుట్టులో ఇసుక దులిపింది నేనే. అది ఎక్కడో బతికి ఉందేమోనన్న అనుమానానికి తావు లేదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను.

ఆ తరువాతి ఆదివారం పట్నం నుంచి ఒక పాస్టరుగారు వచ్చారు. గుడికి కప్పు లేదు, గోడలే మిగిలాయి. ఉదయం తొమ్మిది గంటలు. ఎండ కాస్తోంది, గాలి లేదు. ఇరవై మందిమి ఇసుకలో కూర్చున్నాం. మన పాపాల వల్లే దేవుడు సముద్రాన్ని పంపాడని ఆయన ప్రసంగించారు. బాబును ఒళ్ళో పెట్టుకుని వింటున్నాను. దుప్పటి మరిచిపోయింది నేను. అయితే ఆ పాపం నాదే. లేచి వెళ్ళిపోవాలని, ఇక ఏ గుడి గడపా తొక్కకూడదని అనుకున్నాను.

అంతలో అత్తగారు లేచి నిలబడ్డారు.

"అయ్యగారూ, నా కూతురు చేసిన పాపం ఏందో చెప్పి పోండి. పసిబిడ్డకి చలేస్తాదని దుప్పటికి పోయింది. అదా?"

"అట్లా కాదమ్మా, దేవుని చిత్తం..."

"ఎందుకు చేసినాడో నాకూ తెలీదు, మీకూ తెలీదు. తెలీనప్పుడు తెలీదనే చెబుదాం. బిడ్డల్ని పోగొట్టుకున్నోళ్ళు కూర్చోనుండారీడ."

ఆవిడ చదివింది ఐదో తరగతి. బి.ఎ. చదివిన నాకు ఆ మాట అనే ధైర్యం రాలేదు. ఈవిడ కోడలిని నేను అని అంత గర్వపడిన రోజు నాకు మరొకటి లేదు.

తరువాత అత్తగారు హాజరు పుస్తకం తీశారు. పోయినవాళ్ళ పేర్లు కొట్టేయమని పాస్టరుగారు మెల్లగా అన్నారు. "ఈ ఒక్కసారికి పిలవనీయండి" అన్నారు అత్తగారు. పోయినవాళ్ళ పేర్లు కూడా ఒక్కొక్కటే పిలిచి, రాలేదని సున్న పెట్టి, ముందుకు వెళ్ళారు. ఆ వరసలోనే "సుగుణ" అని పిలిచారు.

నా వెనక, అది ఎప్పుడూ కూర్చునే గోడ వైపు నుంచి ఆ చిన్న వాక్యం వినబడింది. అదే గొణుగుడు, అదే తొందర. బాబు అటు తిరిగి రెండు చేతులూ చాచాడు. నేనూ తిరిగి చూశాను. గోడ, ఇసుక, ఎండ. ఎవరూ లేరు. చెవుడున్న ఏసోబు తాత కూడా అటే చూస్తున్నాడు. సుగుణను ఎన్నడూ చూడని పాస్టరుగారు ప్రార్థన అయ్యాక నన్ను అడిగారు, "ఆ వెనక నుంచి చెప్పిన పాప ఎవరమ్మా?"

అత్తగారు మాత్రం ఆ పేరు దగ్గర కూడా సున్న పెట్టి, తరువాతి పేరు పిలిచారు.

ఇంటికి వచ్చే దారిలో ఆవిడకు చెప్పాను. నిలబడిపోయారు.

"నాకు వినపడలా."

"నిజం అత్తమ్మా. నలుగురైదుగురం విన్నాం."

"ఏ వాక్యం?"

చెప్పాను.

"మళ్ళీ అదేనా? ఆడికి పోయినా ఇంకోటి నేర్చుకోలా ఈ బిడ్డ" అని నవ్వారు. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు.

ఆ సున్న దిద్దమని ఎన్నోసార్లు అడిగాను. "నేను వినంది నేనెట్టా రాసేది అమ్మాయ్? మీకు దేవుడు వినిపిచ్చినాడు, చాలు" అన్నారు.

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేను. మాకు వినబడింది కన్నతల్లికి ఎందుకు వినబడలేదో అసలే చెప్పలేను. నాకు తెలిసింది ఒక్కటే. విన్న నేను, బాబుకు జలుబనో ఒళ్ళు వెచ్చగా ఉందనో ఇంట్లో ఉండిపోయిన ఆదివారాలు ఉన్నాయి. వినని ఆవిడ ఒక్క ఆదివారం కూడా మానలేదు.