నాన్న నాలుక కింద మాత్ర

మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికి మధ్యాహ్నం అన్నం తినగానే నిమ్మ రుచి బిళ్ళ ఒకటి నోట్లో వేసుకునే అలవాటుంది. చరచరా కాగితం విప్పుతుంది, నాకూ ఒకటి చాపుతుంది, నేను వద్దంటాను. బెజవాడ ఎండలో, ఫైళ్ళ మధ్య, ఆ వాసన ముక్కుకి తగిలిందంటే చాలు, నేను జగ్గయ్యపేట దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి ముందున్న నాపరాయి మీద, నాన్న పక్కన కూర్చుని ఉంటాను. నిజానికి అది చెట్టు నిమ్మకాయ వాసన కాదు, చేదు మందుకి అద్దిన నిమ్మ వాసన. రోజూ పొద్దున్నే మా నాన్న నాలుక కింద కరిగే మాత్ర వాసన.

మా ఊరికి రెండు రంగులుండేవి. పడమట సున్నపురాయి క్వారీ ఉండటంతో అటువైపు చింతచెట్లూ, ఇళ్ళ కప్పులూ, దండెం మీద ఆరేసిన చీరలూ, ఆఖరికి గేదెల వీపులు కూడా పిండి చల్లినట్టు తెల్లగా ఉండేవి. తూర్పున నందిగామ దారిలో మిరప చేలు. చలి తగ్గి ఎండ ముదురుతుంటే కల్లాలన్నీ ఎర్రబడి, ఊరంతా తుమ్ములతో నిద్ర లేచేది. అమ్మ చందర్లపాడు దాకా మిరపకాయ కోతకి వెళ్ళి వచ్చేది. సాయంత్రం చేతులు భగభగ మండుతుంటే మజ్జిగలో ముంచుకుని కూర్చునేది, నేను దగ్గరికి పోతే మోచేత్తో వెనక్కి నెట్టేది. కారం చేతులు పిల్ల మొహానికి తగులుతాయని ఆవిడ భయం. మిరప కోతల కాలమంతా అమ్మ నన్ను మోచేతులతోనే ముద్దు చేసింది.

నాన్న పేరు దానియేలు. క్వారీలో బండకి బెజ్జాలు వేసే మిషను పట్టేవాడు. వారమంతా ఆ మిషను ఆయన్ని వణికించేది, ఆ కసంతా ఆదివారం చర్చిలో డోలక్ మీద తీర్చుకునేవాడు. క్రిస్మస్ నెలలో వెదురుబద్దల నక్షత్రం పట్టుకుని పాటల గుంపు ఇంటింటికీ తిరుగుతుంటే, ఏ ఇంటికి ఎప్పుడొస్తుందో నాన్న దరువును బట్టే ఆడవాళ్ళు లెక్కగట్టి అరిసెల పళ్ళెం సిద్ధం చేసేవాళ్ళు. బెల్లం పాకం వాసన, కొత్త గౌన్ల గంజి వాసన, తడి సున్నం వాసన కలగలిసిన ఆ గాలి ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. ఆ రోజుల్లో మా వాకిట్లో నాపరాయి ముక్కలతో తొక్కుడు బిళ్ళ ఆడటానికి పిల్లలు వంతులకోసం జుట్లు పట్టుకునేవాళ్ళు.

నేను చిన్న బళ్ళో ఉండగా, వానలు పడుతున్న రోజుల్లో, నాన్న క్వారీలో కాలు జారి కింది బండ మీద పడ్డాడు. నడుము పట్టేసింది. పడుకుంటే పని పోతుందని భయపడి, జగ్గయ్యపేటలో ఒక ఆరెంపీ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన నొప్పికి సూది వేశాడు. పొద్దున ఇద్దరు మోసుకెళ్ళిన మనిషి సాయంత్రం తన కాళ్ళ మీద నడిచొచ్చాడు. ఆ రాత్రి అమ్మ ఆ డాక్టరుని దీవించమని కూడా ప్రార్థన చేసింది. కొన్నాళ్ళకి నడుము బాగయింది గానీ సూది మాత్రం ఆగలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది మా పని.

సూది లేని రోజున నాన్నకి ఒకటే ఆవులింతలు. ముక్కు కారేది, ఏడవకుండానే కళ్ళు కారేవి. రోహిణి ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతుంటే చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. కడుపులో మెలిపెట్టి మంచం పట్టె కొరికేవాడు. చలిజ్వరమనుకుని అమ్మ మిరియాల కషాయం కాచేది, అది తాగకుండా ఆయన తూలుకుంటూ పేట బస్సెక్కి, గంటలో నవ్వు మొహంతో తిరిగొచ్చేవాడు. ఆ నవ్వంటే నాకు భయంగా ఉండేది. నన్ను చూసే నవ్వేవాడు గానీ ఆ నవ్వు నాది కాదు. ఊరికి సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను ఇంజెక్షను దానియేలు కూతుర్నయ్యాను. మా వాకిట్లో తొక్కుడు బిళ్ళ గళ్ళు నేనే గీసి, నేనే గెంతి, నేనే ఓడి, నేనే గెలిచి, మధ్యాహ్నం క్వారీ సైరన్ మోగి పేలుళ్ళకి గిన్నెలు గలగలమంటే లోపలికి పోయేదాన్ని.

అమ్మ ఊరుకునే మనిషి కాదు. బతిమాలింది, తిట్టింది, ఉపవాస ప్రార్థనలు పెట్టించింది. పాస్టరుగారిని మేం అయ్యగారనేవాళ్ళం. ఆయనా మంచి మనిషే, నాన్న కోసం తిండి మాని మరీ మోకరించాడు. చివరికి ఎవరో చెబితే అమ్మ నాన్నని బెజవాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఇంట్లో చూసుకునే దిక్కు లేక నన్నూ వెంటబెట్టుకుంది. అక్కడి డాక్టరమ్మ అమ్మ తిట్లన్నీ ఓపిగ్గా విని, "ఇది బుద్ధి జబ్బు కాదమ్మా, ఒంటి జబ్బు. ఆ సూదిలోది నల్లమందు జాతి మందు. ఒళ్ళు దానికి అలవాటు పడిపోయింది, లేకపోతే విలవిల్లాడుతుంది. షుగరున్నోళ్ళు మాత్ర వేసుకోరూ? ఇదీ అంతే. ఎన్నాళ్ళంటే, అవసరమైనన్నాళ్ళు," అంది. నాలుక కింద పెట్టుకోవాలి, మింగకూడదు, కరిగేదాకా నీళ్ళు తాగకూడదు, మాట్లాడకూడదు. నాన్న బుద్ధిగా తలూపాడు.

నా చిన్నతనంలో బాగున్న రోజులేవంటే అవే. పొద్దున్నే మొహం కడుక్కుని నాన్న వాకిట్లో నాపరాయి మీద కూర్చునేవాడు. అమ్మ వచ్చి మాత్ర ఇచ్చేది. నేను పక్కన చేరేదాన్ని. ఆయన మాట్లాడకూడదు గనక నేనూ మాట్లాడేదాన్ని కాదు. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చోలేదనీ, చెప్పు తెగిందనీ, ఎక్కాలు తప్పకుండా అప్పజెప్పాననీ ఏమేం చెప్పాలో మనసులో వరసగా పేర్చుకుంటూ ఉండేదాన్ని. తెల్లటి చింతాకుల మీద మంచు జారేది, పాలకేంద్రానికి వెళ్ళే సైకిళ్ళ క్యాన్లు గణగణమనేవి, నాన్న దవడ మెల్లగా కదిలేది. మాత్ర పూర్తిగా కరిగాక ఒక గుటక వేసి, నిమ్మ వాసన నోటితో రోజులో మొట్టమొదటి మాట నాతోనే అనేవాడు.

"ఆఁ, ఇప్పుడు చెప్పు తల్లీ."

ఆవులింతలు పోయాయి. మిషను మళ్ళీ పట్టాడు, డోలక్ మళ్ళీ పట్టాడు. నవ్వు కూడా మునుపటిది అయింది. అమ్మ సంతోషం పట్టలేక కృతజ్ఞత కూడిక పెట్టింది. షామియానా వేసి, కోడికూర, పప్పుచారు చేయించి, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళని కూడా పిలిచింది. అలాంటి కూడికలో దేవుడు చేసిన మేలు గురించి లేచి నిలబడి చెప్పడాన్ని మావాళ్ళు సాక్ష్యం అంటారు. నాన్న సాక్ష్యం చెప్పాలి. పొద్దున ఆయన కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మాత్ర సంగతి కూడా చెబుతా," అన్నాడు.

"ఇప్పుడెందుకులేవయ్యా అదంతా! అయ్యగారు మనకోసం ఎన్ని ఉపవాసాలున్నారు, ఆయన మొహం చిన్నబోదూ?" అంది అమ్మ.

సరేనన్నాడు. యేసయ్య నన్ను విడిపించాడు, ఒక్క రోజులో ఆ ముల్లు తీసేశాడు అన్నాడు. జనమంతా హల్లెలూయ అంటుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో పిల్లలు మా వాకిట్లోకి వచ్చి నాతో ఆడారు. ఆ తర్వాత నందిగామ నుంచి ఒకరు, వేదాద్రి వైపు నుంచి ఒకరు, తమ కూడికల్లో ఆ సాక్ష్యం చెప్పమని నాన్నని పిలవడం మొదలుపెట్టారు. చెప్పిన ప్రతిచోటా ఆ కథ కాస్త పెరిగేది, చెప్పి వచ్చిన ప్రతిసారీ నాన్న కాస్త తగ్గేవాడు. ఒక పొద్దున అమ్మ మాత్ర తెచ్చి ఇస్తే చెయ్యి చాపలేదు.

"పైన చెప్పేదొకటి, నాలిక కింద ఉండేదొకటి అయిపోతందే సుగుణా. వద్దు. చెప్పినమాట నిజం చేసేస్తా."

అమ్మ అడ్డు చెప్పలేదు. అంత విశ్వాసం వచ్చిందని లోలోపల పొంగిపోయింది కూడా. నేను మాత్రం ఆ రోజు నాపరాయి మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆవులింతలు తిరిగొచ్చాయి, దుప్పటి తిరిగొచ్చింది. నాన్న పళ్ళ బిగువున కొన్నాళ్ళు నిలబడ్డాడు. అది అబద్ధం కాదు, ఆయన నిజంగానే నిలబడ్డాడు. ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది, పేలుళ్ళయ్యాయి, క్వారీ వాళ్ళందరూ అన్నాలకొచ్చారు, నాన్న రాలేదు. పేట నుంచి వచ్చే బస్సు ఆగేచోట చింతచెట్టు కింద పడి ఉన్నాడని ఎవరో కేకేశారు. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. ఆటోలో నందిగామ పోతున్నంతసేపూ అమ్మ ఆయన చెంపల మీద కొడుతూ, "ఊపిరి తీస్కోవయ్యా, తీస్కో," అని అరుస్తూనే ఉంది. అక్కడ విరుగుడు సూది వేశారు, మనిషి మాకు దక్కాడు.

బెజవాడ డాక్టరమ్మ ఈసారి కూడా కోప్పడలేదు. "మాత్ర ఆపేశాక పాత మోతాదుని ఒళ్ళు మర్చిపోతుందమ్మా, మనిషి మర్చిపోడు. మునుపటంతే వేయించుకుంటాడు, అక్కడే ప్రాణాలు పోతాయి," అంది. అమ్మ చేతులు జోడించి, ఆ మాటని తిరిగి తనలో తనే అనుకుంటూ బస్సెక్కింది. మాత్ర మళ్ళీ మొదలైంది. అయ్యగారు చూడడానికొస్తే నాన్న దాచకుండా చెప్పేశాడు. "విశ్వాసం సన్నగిల్లింది దానియేలూ, ఇంకా ప్రార్థన చేద్దాం," అన్నాడాయన ప్రేమగానే.

ఆ తర్వాత నాన్న చర్చికి వచ్చేవాడు గానీ లోపలికి వచ్చేవాడు కాదు. బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. డోలక్ వేరే వాళ్ళ చేతికి పోయింది, వాళ్ళు దరువు తప్పినప్పుడల్లా నాన్న వేళ్ళు మోకాలి మీద దాన్ని సరిచేసుకునేవి. లోపల ఆడవాళ్ళలో అమ్మ, బయట చెట్టు కింద నాన్న. నేను ఇద్దరూ కనబడేలా గడప మీద కూర్చునేదాన్ని. ఆ గడప మీద నాతో కూర్చోవడానికి ఇంకెవరూ లేరు. మా వాకిలి మళ్ళీ ఖాళీ అయింది. కానీ రోజూ పొద్దున్నే ఆ రాయి మీద నా వంతు నాకు ఉండేది. అదొక్కటీ ఎవరూ లాక్కోలేదు.

అలా చాలా ఏళ్ళు బతికాడు. నాకు ఉద్యోగం వచ్చాక, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు. జ్ఞాపకార్థ కూడికలో, కొత్తగా వచ్చిన పాస్టరుగారు పాత సాక్ష్యం విని ఉన్నారు కాబోలు, ఒక్క రోజులో విడుదల పొందిన దానియేలుగారు అని మొదలుపెట్టారు. అమ్మ లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక మాటండి. మా ఆయన పోయిన రోజు పొద్దున కూడా మాత్ర వేసుకున్నాడండి. నేనే ఇచ్చా. దేవుడే బతికించాడండి ఆయన్ని, కాదన్ను. ఆ మాత్రతోటే బతికించాడు. అప్పుడు ఈ మాట నేనే చెప్పనియ్యలేదండి. ఇది నా సాక్ష్యం."

ఒక్కరూ హల్లెలూయ అనలేదు. షామియానా తాళ్ళు గాలికి కిర్రుమంటున్నాయి. అమ్మ కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. భోజనాలయ్యాక, ఒకప్పుడు తన పిల్లల్ని మా వాకిట్లోంచి పేరుపెట్టి పిలుచుకుపోయిన ముసలావిడ అమ్మని పక్కకి పిలిచి, మనవడి కోసం, ఆ ఆసుపత్రి ఎక్కడో గుట్టుగా అడిగి తెలుసుకుంది.

ఇప్పుడు అమ్మా లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా ఇల్లూ, చింతచెట్టూ పోయాయి. నాపరాయి ఏ గోడలో కలిసిపోయిందో తెలియదు. మొన్న పోయినప్పుడు మధ్యాహ్నందాకా నిలబడి చూశాను, సైరన్ కూడా మోగలేదు. తెల్లటి చింతాకులంటే ఏమిటో ఈ తరం వాళ్ళకి చెప్పినా నమ్మరు.

ఇవాళ ఎందుకో ఆ అమ్మాయి బిళ్ళ చాపితే వద్దనలేదు. తీసుకుని నాలుక కింద పెట్టుకున్నాను. "అక్కా, తిన్నారా? సాయంత్రం మీటింగుందంట," అంటూ ఏదేదో అడిగింది. నేను పలకలేదు. పాపం, నాకు కోపం వచ్చిందనుకుని తన పని చూసుకుంది. చెప్పాల్సినవన్నీ మనసులో వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాను. ఆయన పోయిన తర్వాత జరిగినవే చాలా ఉన్నాయి. బిళ్ళ సన్నబడి, అంచులు పోయి, పూర్తిగా కరిగిపోయింది. గుటక వేసి పక్కకి చూశాను. ఇప్పుడు చెప్పు తల్లీ అనేవాళ్ళు ఎవరూ లేరు.