రాగులమూటకు కుదిరిన షాకులు

నా పాత చిన్న కారు ఎందుకు గెంతుతోందో నాకు అర్థం కాలేదు. మా ధర్మపురి ఇంట్లో వాళ్లకు మాత్రం ఎప్పుడో అర్థమైపోయింది. ఆడమనిషి రేసు ట్రాక్ మీద తోలితే ఏ కారైనా గెంతక ఏం చేస్తుంది!

కోయంబత్తూరు దగ్గరి ట్రాక్ కోసమని గట్టి స్ప్రింగులు వేయించాను. స్ప్రింగు బరువు మోస్తుంది, దాని ఊపును షాక్ అబ్జార్బర్ పట్టి ఆపుతుంది. రెండింటికీ జత కుదరాలి. పాత షాకులకు ఆ బలం లేక కారు ప్రతి గుంతకూ లేచి కూర్చునేది. అందుకని బిగువు మార్చుకునే షాకులు తెప్పించాను. వాటికి ఒక మర ఉంటుంది, ఇటు తిప్పితే బిగువు, అటు తిప్పితే వదులు. వినడానికి ఇంతే. మెకానిక్ బిగించమన్నాడు, ఫోనులో చూసిన వీడియో వదలమంది. "ఈసారీ కుదరకపోతే పాత స్ప్రింగులే వేయించి, ట్రాక్ మాటే ఎత్తను" అని మా ఆయనతో పంతానికి అనేశాను. అన్నాక, ఎందుకన్నానా అనిపించింది. ఆ ఇంట్లో నాకంటూ ఉన్నది అదొక్కటే.

అప్పుడే మా అత్త డిక్కీలో పెద్ద రాగులమూట, చింతపండు బస్తా ఎక్కించింది. సేలంలో ఉన్న మా ఆడబిడ్డకు. ట్రాక్‌కు దారి అదే కదా.

"నేను పోయేది వచ్చే వారం కదత్తా, ఇప్పుడే ఎందుకు?"

"ఈ పొద్దు మంచి దినం. కూతురికని ఎక్కించినాక ఆ గడప చేరేదాకా దించకూడదు."

మా అమ్మకూ ఇదే పట్టింపు. మూట మీద దుప్పటి కప్పి, దాని మీద నా హెల్మెట్ పెట్టాను.

ఆ వారమంతా మా ఊరి పక్కనున్న ఇండూరు రోడ్డు మీద పోతూ, ఆగుతూ, మరలు తిప్పుతూ తిరిగాను. చివరి రోజు మధ్యాహ్నం గుంతలో దిగిన కారు ఒక్కసారి వంగి, లేచి, అలాగే నిలబడింది. కారులో ఒక్కదాన్నే కేక పెట్టాను.

సేలంలో మూటలు దించి, కాఫీ తాగి, ట్రాక్ చేరాను. మొదటి మలుపులోనే వెనక చక్రాలు టపటపా గెంతాయి. కారు గిర్రున తిరిగి గడ్డిలో ఆగింది. నిన్న కుదిరినది ఇవాళ ఏమైంది? టైర్లా? గాలా? దిష్టా? ఇంకా బిగించాను. ఇంకా గెంతింది. ఏడుపొచ్చింది. ఓడిపోయానని చెబుదామని ఇంటికి ఫోన్ చేస్తే అత్త ఎత్తింది. ట్రాక్ సంగతి అడగనే లేదు.

"మూట చేర్చినావా?"

"చేర్చినానత్తా."

"ఇద్దరు పట్టి దించినారా? శానా బరువు."

ఫోను చెవి దగ్గరే ఉంచుకుని పోయి డిక్కీ తెరిచాను. అడుగున నాలుగు రాగి గింజలున్నాయి. వారమంతా నేను షాకులను జత చేసింది నా కారుకు కాదు, అత్త మూటకు! ఆ బరువును ఆపడానికి బిగించిన షాకులు ఖాళీ కారులో చక్రాన్ని నేలకు దిగనివ్వడం లేదు. నమ్మకం లేకుండానే వెనక మరలు వదులు చేస్తూ పోయాను. సాయంత్రానికి ఆ మలుపులో కారు నేలను వదలలేదు.

తిరుగుదారిలో సేలంలో ఆగితే ఆడబిడ్డ "ఖాళీ బండి పంపితే అమ్మ నన్ను తిడుతుంది" అంటూ డిక్కీ నిండా కొబ్బరికాయలు నింపింది. వదులు చేసిన షాకులు ఆ బరువును ఆపలేక ఇంటిదాకా గెంతుకుంటూ వచ్చాను. వాకిట్లో నిలబడి చూసిన మా ఆయన నవ్వాడు.

"ఏం, పాత స్ప్రింగులేనా?"

"కుదిరింది. ఏమీ ఎక్కించకుంటేనే కుదురుతుంది."

అత్త అక్కడే ఉంది. ఆమె కూతురికి మూట మోయనని ఆమె ముఖం మీదే ఎలా అనగలిగానో నాకే తెలియలేదు. అత్త కొబ్బరికాయలు దించడం ఆపి నా వైపు చూసింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"సరి, ఇంకమీద మూట నేను బస్సులో ఎత్తుకొని పోతాను. నీ బండి ఖాళీగానే పోనీ" అనింది.