భీమశంకర్ గారి సఫారీ రిహార్సల్

కాలిఫోర్నియాలో మా శాన్ రామన్ ఊళ్ళో ఉండే భీమశంకర్ గారికి రిహార్సల్ లేకుండా ఏ పనీ చెయ్యడం చేతకాదు. పెళ్ళికీ నాటకానికీ రిహార్సల్ అంటే అర్థం చేసుకోవచ్చు. ఈయన పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రోజు కూడా సోఫాలో వెనక్కి వాలి, నోరు తెరిచి, వాళ్ళావిడ సుధ వదిన చేత టార్చిలైటు వేయించి చూపించుకుంటారు. ఎందుకండీ అంటే, "రేపు కొత్తగా అనిపించకూడదు కదమ్మా" అంటారు.

ఆఫీసులో ఆయన పని, కొత్త సాఫ్ట్‌వేర్‌ని జనంలోకి వదిలేముందు పదిసార్లు ఆడించి చూడటం. ఆ జబ్బుని ఇంటికి కూడా తెచ్చుకున్నారు. సుధ వదిన పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ పార్టీ తలపెట్టి, ముందు శనివారం దానికీ రిహార్సల్ పెట్టారు. తలుపు తీసి ఆశ్చర్యపోయే పాత్రకి మాలో ఎవరూ సరిపోలేదని చివరికి వదిననే పిలిచి చేయించారు. "మొదటిసారి సరిగ్గా ఆశ్చర్యపోలేదు, రెండోసారి బాగా చేసింది" అని అందరికీ చెప్పుకున్నారు. అసలు రోజున ఆవిడ ఇంకా బాగా చేసింది పాపం.

నేను విజయశ్రీని, వాళ్ళ పక్క వీధిలో ఉంటాను. ఆయన్ని అన్నయ్యగారూ అని పిలుస్తాను, ఆ చనువుతోనే విసుక్కుంటాను. ఆయన చేసిన రిహార్సల్స్ అన్నిట్లోకీ పెద్దది సఫారీ రిహార్సల్. దాని సంగతి చెప్పాలంటే ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

అమ్మ పేరు అన్నపూర్ణ. రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా రిటైరై మా దగ్గరికి వచ్చింది. నలుగురు చేరితే కబుర్లన్నీ ఆవిడవే. అలాంటిది ఏడాదిగా చెవులు మందగించాయి. పక్కన కూర్చుని గట్టిగా చెబితే వినబడుతుంది, గుంపులో మాత్రం ఏమీ అందదు. మిషను పెట్టుకోమని డాక్టరు చెప్పాడు. "అది పెట్టుకుంటే అందరూ నా మొహం మానేసి చెవి చూస్తారు" అని మొండికేసింది. దానికి బదులు, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వడం అలవాటు చేసుకుంది. కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వేది.

జనవరిలో మా ఇంట్లో భోజనాలప్పుడు ఆ అలవాటే కొంప ముంచింది. రఘువీర్ అని మావారు ఫణి ఆఫీసులో పనిచేసే వరంగల్ అబ్బాయి ఉన్నాడు. నోరు తెరిస్తే జోకు. ఆ రోజు మాత్రం వాళ్ళ బాబాయి పోయిన సంగతి చెబుతున్నాడు. అతను చేతులు తిప్పుతూ చెప్పడం చూసి జోకే అనుకుని అమ్మ పకపకా నవ్వింది. భీమశంకర్ గారితో సహా అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆ మొహాలు చూశాక అమ్మకి అర్థమైంది. రఘువీర్ పాపం, "ఏం కాదు ఆంటీ" అని చెయ్యి కూడా పట్టుకున్నాడు. అమ్మ చిన్నగా లేచి మేడ మీదికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా కిందికి దిగడం మానేసింది. మా అమ్మాయి ఆద్య వెళ్ళి పిలిచినా తలనొప్పి అనేది. ఇక మనుషుల్లోకి రాదేమో, ఆ గదికే అంకితమైపోతుందేమో అని నాకు దిగులు పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే, ఫిబ్రవరి మొదట్లో భీమశంకర్ గారు మా హాల్లో నిలబడి సఫారీ ప్రకటించారు. నాపా దాటాక కొండల్లో అంతరించిపోతున్న జంతువుల్ని పెంచి కాపాడే చోటు ఒకటి ఉందట. కెన్యా నుంచి మాసాయి తెగ యువకులు కొందరు వసంతంలో అక్కడికి వచ్చి, పైకప్పు లేని బండిలో తిప్పి జంతువుల్ని చూపిస్తారట. వాళ్ళ పశువుల గురించి, పాటల గురించి చెబుతారట. మన ఏడుగురికీ ఏప్రిల్‌లో బుక్ చేశాను అన్నారు.

"పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేదే కదా అన్నయ్యగారూ, దీనికి రిహార్సల్ ఎందుకు?" అన్నాను.

"జంతువుల దగ్గర నోరు విప్పకూడదమ్మా. చాలా స్ట్రిక్ట్ రూల్. అంతా సైగలే."

"ఏడుగురు తెలుగోళ్ళం, నోరు మూస్కొని కూసోవాల్నా అన్నా?" అన్నాడు రఘువీర్. "గదెట్లయితది?"

"ఎలా అవుతుందో తెలీకే రెండు నెలలు పెట్టుకున్నాను."

ఆ మాట అని, తిన్నగా మేడెక్కి అమ్మ గది ముందు నిలబడ్డారు. అసలే ఆయన గొంతు పెద్దది, ఆ రోజు వీధంతా విని ఉంటుంది. "పిన్నిగారూ, కింద అందరూ మొద్దులే. సైగలు నేర్పాలి. బెత్తం పట్టిన చెయ్యి కావాలండీ."

"నాకు వినబడదు నాయనా" అంది అమ్మ.

"వినడానికి ఏముందండీ, చూడటమే."

ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని కిందికి దిగింది. భీమశంకర్ గారికి పెత్తనం చెయ్యడానికి ఒక అసిస్టెంటు దొరికిందని మాత్రమే నేననుకున్నాను.

అప్పట్నించీ ఆదివారాలు మావి కావు. ఫణి మినీవ్యాన్‌లో కూర్చోబెట్టి, ఊరి వెనక పచ్చటి కొండల మీదికి తీసుకెళ్ళేవారు. అక్కడ మేసే ఆవులే మాకు అడవి మృగాలు. నల్లావు ఖడ్గమృగం, మచ్చలావు జిరాఫీ. మోచెయ్యి నిటారుగా ఎత్తి మణికట్టు వంచితే జిరాఫీ. ముక్కు మీద పిడికిలి పెట్టి చూపుడువేలు లేపితే ఖడ్గమృగం. గాలిలో వేలు గుండ్రంగా తిప్పితే, మళ్ళీ మొదటి నుంచి. ఆ ఆఖరి సైగ ఆయన వాడినన్నిసార్లు మిగతావన్నీ కలిపినా వాడలేదు.

అమ్మ ఉత్త అసిస్టెంటుగా ఉంటుందా? రెండో ఆదివారానికే పెత్తనం లాగేసుకుంది. "రఘువీర్, నీ జిరాఫీ మెడ వంకర" అని మోచేతి మీద ఒకటి వేసింది.

"దెబ్బలు గూడ ఉన్నయా అన్నా ప్యాకేజీల?" అన్నాడు రఘువీర్. భీమశంకర్ గారు వేలు గుండ్రంగా తిప్పారు.

కొండలు అయ్యాక భోజనాల మీద పడ్డారు. పెరుగు ఇటు పంపండి, కూరలో ఉప్పు తగ్గింది, అన్నిటికీ సైగలు పుట్టాయి. నోటి ముందు చెయ్యి అడ్డం పెట్టి కన్ను కొడితే, ఆ విషయం ఇక్కడ కాదు, తర్వాత చెప్తాను అని అర్థం. అది సుధ వదిన కనిపెట్టింది.

"సఫారీకి పెరుగెందుకు అన్నయ్యగారూ?" అన్నాను ఉండబట్టలేక.

"అడవికెళ్తే అన్నం తినవా ఏమిటి?"

మాసాయి వాళ్ళ దగ్గర ఎలా మెలగాలో కూడా రిహార్సలే. అడగకుండా ఫోటో తియ్యకూడదని సైగతోనే అనుమతి అడగడం నేర్పించారు. వాళ్ళ ఎగిరే నాట్యం ఉందని తెలిసి, పెరట్లో తానొక్కరే ఎగిరి మోకాలు బెణికించుకున్నారు. మేం ఆయన వెనక నవ్వుకునేవాళ్ళం. అమ్మ మాత్రం ఆయన ముందే నవ్వేది, సరిగ్గా అందరితో పాటే. నేనది గమనించాను గానీ దానికి కారణం వెతకలేదు.

ఏప్రిల్ రానే వచ్చింది. ఏడుగురం ఆ కొండల్లో బండెక్కాం. అమ్మ అందరికంటే ముందు వరసలో, మెడలో బైనాక్యులర్స్‌తో, స్కూలు పిల్లల్ని ఎక్స్‌కర్షన్‌కి తీసుకొచ్చినంత దర్జాగా కూర్చుంది. ఎర్ర గళ్ళ దుప్పటి కప్పుకుని, సన్నగా పొడుగ్గా ఉన్న మాసాయి యువకుడు వచ్చాడు. పేరు లెమాయన్ అన్నాడు. అతన్ని చూడగానే భీమశంకర్ గారి మొహం మారింది.

"కీత్ లేడా? ఈ పూట డ్యూటీ కీత్‌ది కదా?" అన్నారు.

"కీత్ సెలవు పెట్టాడు. ఈ రోజు మీతో నేను వస్తాను" అన్నాడు లెమాయన్. తర్వాత మేమందరం కిక్కురుమనకుండా ఉండటం చూసి నవ్వాడు. "ఎందుకు అంత మౌనంగా ఉన్నారు? ఇక్కడి జంతువులకి మనుషుల మాటలు అలవాటే. బండి దిగకపోతే చాలు. హాయిగా మాట్లాడుకోండి."

బండిలో రెండు నెలల మాటలన్నీ ఒక్కసారే బయటపడ్డాయి.

"ఏందన్నా, రూలే లేదా?" అని రఘువీర్. "నా ఆదివారాలన్నీ ఆవుల పాలయ్యాయి" అని ఫణి. "భీమ్ అంకుల్, యు మేడ్ ఇట్ అప్?" అని ఆద్య. ఎవరి మాట ఎవరికీ వినబడటం లేదు. నేను కూడా నోరు తెరిచి అమ్మ వైపు చూశాను. అమ్మ మా పెదాలు ఒకరి తర్వాత ఒకరివి చూస్తోంది. ఒక్క క్షణం ఆగి, ఆ పాత నవ్వు నవ్వింది. బైనాక్యులర్స్ మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అప్పుడు నాకు తెలిసింది భీమశంకర్ గారు రెండు నెలలుగా చేసింది ఏమిటో. పెరుక్కి సైగ, ఇంట్లో భోజనాల దగ్గర కూడా అమ్మకి మా మాటలు అందడానికే. భీమశంకర్ గారు తల వంచుకుని కూర్చుని ఉన్నారు. ఆయనకి సైగ కూడా గుర్తు రావడం లేదు. ఆ మనిషిని అలా చూడటం నాకు కష్టమనిపించింది.

నేనేదో చేసేలోపే రఘువీర్ మాట మధ్యలో ఆగిపోయాడు. అతను కూడా అమ్మనే చూస్తున్నాడు. నోటి ముందు చెయ్యి అడ్డం పెట్టి, అందరికేసీ తిరిగి కన్ను కొట్టాడు. ఆ విషయం ఇక్కడ కాదు, తర్వాత. బండిలో మాటలు ఒకటొకటిగా ఆగిపోయాయి. అతను ముందుకు వంగి, అమ్మ ఎదురుగా మోచెయ్యి నిటారుగా ఎత్తాడు. జిరాఫీ ఎక్కడుంది టీచర్ అని అడుగుతున్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

అమ్మ అలవాటు కొద్దీ అతని మణికట్టు సరిచేసింది. తర్వాత బైనాక్యులర్స్ మళ్ళీ మెడలో వేసుకుంది.

ఆ రోజు అన్నిటినీ ముందు చూసింది అమ్మే. లెమాయన్ కన్నా ముందే ఓక్ చెట్ల నీడలో పడుకున్న తల్లీ పిల్లా ఖడ్గమృగాల్ని కనిపెట్టి, ముక్కు మీద పిడికిలి పెట్టి వేలు లేపింది. దాంతోపాటు చిటికెనవేలు కూడా లేపింది, పిల్ల ఉందని. అది రిహార్సల్‌లో లేని సైగ. లెమాయన్ కాసేపు మా చేతుల్నే చూసి, తనూ చేతులతో మొదలుపెట్టాడు. వంపు కొమ్ముల జింకల్ని చూపించి, ఇవి అడవుల్లో పూర్తిగా లేకుండా పోతే ఇలాంటి చోట్ల పెంచినవాటినే తీసుకెళ్ళి మళ్ళీ వదిలారని చెప్పాడు. అమ్మకి చెయ్యి అడ్డంగా ఊపి లేవని, రెండు చేతులూ ముందుకు చాచి వదిలారని చూపించాడు. తమ ఊళ్ళో కూడా కొంత మేత నేలని పశువుల్ని తోలకుండా విడిచిపెట్టామన్నాడు. "మేం కాస్త చోటు వదిలాం, అవే తిరిగొచ్చాయి" అన్నాడు.

బండి దిగేటప్పుడు అతను అమ్మ ముందుకొచ్చి తల వంచి నిలబడ్డాడు. మాసాయిల్లో చిన్నవాళ్ళు పెద్దవాళ్ళని అలాగే పలకరిస్తారట. అమ్మకి ఎవరూ చెప్పలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి అతని తల మీద ఆగింది. "చల్లగా ఉండు నాయనా" అంది.

కుర్రాళ్ళు ఎగిరే నాట్యం చేస్తుంటే నేను భీమశంకర్ గారి పక్కకి చేరాను. మోకాలికి పట్టీ వేసుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నారు.

"రూలు లేదని మీకు ముందే తెలుసు కదూ?"

"మార్చిలో నేనూ సుధా వచ్చి రిహార్సల్ చేసుకెళ్ళాం. మాట్లాడొద్దని మీకు చెప్పమని ఆ గైడు కీత్‌కి చెప్పి పెట్టాను" అన్నారు దొంగ దొరికినట్టు. "వాడికి బ్యాకప్ ఉండాలని తోచలేదమ్మా. రిహార్సల్‌లో లోపం."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నవ్వే నయమని నవ్వేశాను.

తిరుగు ప్రయాణంలో ఫణి డ్రైవ్ చేస్తుంటే నేను ముందు సీట్లో, అమ్మ నా వెనక, భీమశంకర్ గారు ఆఖరి వరసలో కూర్చున్నాం. నాపా దాటాక అమ్మ నా భుజం తట్టింది.

"నాకు పోయింది చెవులే, కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ కుర్రాడు మాట్లాడుకోమన్నాడని నాకు తెలుసులే" అంది, అందరికీ వినబడేంత గట్టిగా. "ఆ చెవి మిషను సంగతేదో చూద్దాం. కానీ నేను ఉన్నట్టుండి పెట్టుకోను. ముందు రిహార్సల్ చెయ్యాలి. అందరూ చెవులకి ఏదో ఒకటి తగిలించుకుని కూర్చోవాలి."

"మళ్ళా ఆదివారమేనా ఆంటీ?" అని మూలిగాడు రఘువీర్.

నేను వెనక్కి తిరిగి చూశాను. భీమశంకర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. అమ్మ కూడా వెనక్కి తిరిగి ఆయన వైపు వేలు గాలిలో గుండ్రంగా తిప్పింది.